ఆకు మీద అరచెయ్యి

హుకుంపేటకి పైన ఒక ఆశ్రమ పాఠశాలలో నేను తెలుగు టీచరుగా చేరాక అది రెండో వానాకాలం. మాది విజయనగరం పక్క పల్లె. ఏజెన్సీలో వాన అంటే ఏమిటో మొదటి ఏడు భయపడుతూ నేర్చుకున్నాను, రెండో ఏడు విసుక్కుంటూ భరించాను. బట్టలు ఆరవు. పుస్తకాల అట్టలు బూజు పడతాయి. సెల్ సిగ్నల్ కావాలంటే ఆస్పత్రి మేడమెట్లలో ఎనిమిదో మెట్టు మీద నిలబడాలి, తొమ్మిదో మెట్టు ఎక్కితే పోతుంది. అలాంటి ఒక ఆదివారం మధ్యాహ్నం ఆస్పత్రి డాక్టరు నన్నూ, మా స్కూల్లో లెక్కలు చెప్పే మాష్టారినీ తన క్వార్టర్‌కి టీకి పిలిచి, ఊరికే కూర్చోవడం ఎందుకు, ఒక ఆట ఆడదాం అన్నాడు.

డాక్టరు కుర్రవాడు. విశాఖపట్నంలో చదువుకునేటప్పుడు హాస్టల్లో నేర్చుకున్నాడట ఆ ఆట. బోర్డు ఉండదు, పేకలు ఉండవు. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్ళు ఆ కథలో మనుషులు. మన మనిషికి ఏమేం విద్యలు వచ్చో ముందే ఒక కాగితం మీద రాసుకుంటాం. ఆ విద్య పారిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. కోటలు, అడవులు, రెక్కల పాములు ఉండే లోకం అది. డాక్టరు దాని నియమాలన్నీ మా కోసం రూళ్ళ పుస్తకంలో తెలుగులో రాసిపెట్టాడు. నేను గోడలెక్కే దొంగనయ్యాను. పొట్టిగా, బొద్దుగా ఉండే మా మాష్టారు గొడ్డలి పట్టే యోధుడయ్యాడు.

నాలుగో మనిషి ఆస్పత్రి నర్సు. అందరం ఆమెను సిస్టర్ అనేవాళ్ళం. ఆ కొండల పిల్లే. కొండమీద ఊళ్ళో పుట్టి, పాడేరులో చదివి, నర్సింగ్ చేసి, మళ్ళీ సొంత మండలానికే వచ్చింది. ఇంట్లో కువి భాష మాట్లాడతారు. మాతో తెలుగు చాలా శుభ్రంగా, కొంచెం పుస్తకంలాగా మాట్లాడేది. ఆమె వైద్యురాలి పాత్ర తీసుకుంది. వైద్యురాలికి మొదట్లో మూడు మంత్రాలు ఎంచుకునే వీలుంది. డాక్టరు జాబితా చదివాడు. గాయం మాన్పే మంత్రం, చీకట్లో వెలుగు పుట్టించే మంత్రం, నిప్పు కురిపించే మంత్రం, విషం కనిపెట్టే మంత్రం, ఇంకా ఏవేవో.

"విషం కనిపెట్టేది," అంది సిస్టర్ వెంటనే.

"ఏటమ్మా, దాన్తో ఏటి సేత్తావు?" అన్నాడు మాష్టారు. ఆయనది శ్రీకాకుళం. "నిప్పుది తీసుకో. నేను గొడ్డలెత్తేలోపు నువ్వు కాల్చీవచ్చు."

ఆమె నవ్వింది కానీ మాట మార్చలేదు.

ఆట మొదలయ్యాక తెలిసింది, ఆమె దాన్ని ఎంత వాడుతుందో. కథలో మేం సత్రంలో దిగినా, పెళ్ళికి వెళ్ళినా, చివరికి దారిలో ముసలాయన జామకాయ ఇచ్చినా, ముందు ఆమె మంత్రం పడాలి. మామూలుగా అయితే "మంత్రం వేస్తున్నాను" అంటే చాలు, పాచిక దొర్లించెయ్యొచ్చు. ఆమె అలా చేసేది కాదు. ఎదురుగా ఆకు ఉన్నట్టు, దాని మీద జానెడు ఎత్తులో కుడి అరచెయ్యి చాపేది. కళ్ళు మూసుకునేది కాదు. కళ్ళు తెరిచే ఉండేవి, కానీ మమ్మల్ని చూసేవి కావు. అప్పుడు పెదాలు కదిలీ కదలనట్టుగా నాలుగు మాటలు అనేది. ఆ గొంతు ఆమెది కాదనిపించేది. వయసు మళ్ళిన గొంతు. డాక్టరు క్వార్టర్‌కి రేకుల కప్పు. దాని మీద వాన హోరులో మామూలుగా మేం అరుచుకుని మాట్లాడుకునేవాళ్ళం. ఆమె నెమ్మదిగా అనే ఆ నాలుగు మాటలు మాత్రం నాకు స్పష్టంగా వినపడేవి.

మొదటిసారి మాష్టారు నవ్వాడు. రెండోసారి నవ్వలేదు. మూడో ఆదివారానికి, ఆమె చెయ్యి చాపగానే మా ముగ్గురికీ మాట ఆగిపోవడం అలవాటైంది. పాచిక పడ్డాక డాక్టరు "ఏమీ లేదు, తినొచ్చు," అనేవాడు. అప్పుడు ఆమె ఊపిరి వదిలి, "అయితే తినండి," అనేది. మేం ఎదురుగా ఉన్న పకోడీలు నిజంగానే తీసుకునేవాళ్ళం.

ఆగస్టులో ఒక ఆదివారం కథలో మేం ఒక రాజు ఇంటి విందుకి వెళ్ళాం. డాక్టరు వారం రోజులు కూర్చుని ఆ విందు తయారు చేశాడని తర్వాత తెలిసింది. వంటకాల పేర్లన్నీ చదివాడు. దాసీలు వచ్చారు, పళ్ళేలు పెట్టారు, రాజు మాట్లాడాడు. సిస్టర్ చెయ్యి చాపింది. నాలుగు మాటలు అంది. డాక్టరు పాచిక అందుకోబోయాడు.

"అన్నంలో లేదు," అంది ఆమె. "కూరల్లో లేదు. చేతులు కడుక్కోమని ఇచ్చారు చూడండి, ఆ నీళ్ళలో ఉంది."

డాక్టరు చెయ్యి పాచిక మీదే ఆగిపోయింది. ఆయన ముఖం చూసి నేను ముందు జ్వరమేమో అనుకున్నాను. తర్వాత తన పుస్తకం మా వైపు తిప్పాడు. అందులో ఆయన చేతిరాతతో, ఆకుపచ్చ సిరాతో ఉంది. విషం తినే వాటిలో దేనిలోనూ లేదు, చేతులు కడిగే నీళ్ళలో ఉంది, ఎవరూ కనిపెట్టలేరు అని.

"ముందే సూసుంటావు," అన్నాడు మాష్టారు.

"పుస్తకం నా సంచీలోనే ఉంది మాష్టారూ. ఇది రాసింది పొద్దున్నే," అన్నాడు డాక్టరు.

సిస్టర్ తల వంచుకుంది. తప్పు చేసి దొరికిన పిల్లలాగా అనిపించింది నాకు. "ఊరికే అన్నాను సార్. తోచింది అన్నాను," అంది. టీ గ్లాసులు తీసుకుని కడగడానికి వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రోజు ఆట అక్కడితో ఆపేశాం.

నేను ఆమె వెనకాలే వెళ్ళాను. ఆ మాటలు ఏ భాషవి అని అడిగాను.

"మా అమ్మమ్మవి అక్కా."

"కువి మాటలా?"

"కాదు. ఒడియా కూడా కాదు. వాటికి అర్థం మా అమ్మమ్మకీ తెలీదు. వాళ్ళమ్మ దగ్గర నేర్చుకుంది." గ్లాసు బోర్లించింది. "ఆట కదా అని అన్నాను. ఆటలో అంటే ఏమీ కాదనుకున్నాను."

అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు. అడగాలంటే కొంచెం జంకు కలిగిందని ఒప్పుకోవాలి. వాళ్ళ అమ్మమ్మ అంతకు ముందు ఏడాదే పోయిందని మాత్రం తెలుసు, అప్పుడు సిస్టర్ సెలవు పెట్టి వెళ్ళింది.

సెప్టెంబరు మొదట్లో సిస్టర్ వాళ్ళ ఊరికి వెళ్ళాల్సి వచ్చింది. డాక్టరు అక్కడ జ్వరాల క్యాంపు పెట్టాడు. ఆ ఊరి నుంచి మా బడికి వచ్చే పిల్లలు ముగ్గురు ఇంటికి వెళ్ళి మళ్ళీ రాలేదు, వాళ్ళని వెంటబెట్టుకు రమ్మని మా హెడ్మాస్టరు నన్నూ మాష్టారినీ పంపాడు. ఆదివారం పొద్దున్న నలుగురం ఒకే జీపులో బయల్దేరాం. దారికి అడ్డంగా పారే గెడ్డ దాకా జీపు వెళ్ళింది. అక్కణ్ణుంచి నడక. ఒక పక్క కాఫీ తోటలు, వాటికి నీడకి వేసిన సిల్వరోక్ చెట్లు, వాటి మీదకి పాకిన మిరియాల తీగలు. పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే ముందు నడిచే మాష్టారి గొడుగు కనబడేది, మాష్టారు కనబడేవాడు కాదు.

క్యాంపు పదకొండున్నరకి అయిపోయింది. పిల్లల్లో ఇద్దరు వస్తామన్నారు, మూడోదానికి జ్వరం. బయల్దేరుదామనుకుంటుంటే డాక్టరు తన జాబితా చూసి, ఇంకో పేరు మిగిలింది, వృద్ధురాలు, ఒంటరి, కాలికి పుండు అని రాసుంది, ఆమె రాలేదేం అని అడిగాడు. అరుగు మీద కూర్చున్న మగవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అక్కడికి వెళ్ళక్కర్లేదు సార్ అన్నాడు ఒకాయన.

"ఎందుకని?"

సిస్టరే, "నేను చూపిస్తాను సార్," అంది.

పిల్లలిద్దరినీ ఊళ్ళోనే ఉండమని నలుగురం వెళ్ళాం. ఆ ఇల్లు ఊరికి అవతల, వాగు దాటి, కాఫీ తోట కొసని ఉంది. నడుస్తున్నంతసేపూ సిస్టర్ నా పక్కనే ఉంది. ఎప్పుడూ మాకంటే ముందు నడిచే మనిషి, ఆ రోజు నా చెయ్యి పట్టుకుని అడుగులు లెక్కపెట్టినట్టు నడిచింది. "ఈ ఇంట్లోకి ఎప్పుడూ రాలేదు అక్కా," అంది. చిన్నప్పటి నుంచీ ఆ ఊళ్ళోనే పెరిగిన పిల్ల.

ఒక్కటే గది, మట్టి గోడలు, ఎర్రమన్నుతో తీర్చిన అరుగు. చాలా శుభ్రంగా ఉంది. లోపలి నుంచి వచ్చిన అవ్వ గుమ్మం పట్టుకుని నిలబడింది. రెండు కళ్ళలోనూ తెల్లటి పొర. మా గొంతులు వచ్చిన వైపుకి ముఖం తిప్పుతూ ఎంతమందిమో లెక్కపెట్టుకుంటున్నట్టుంది. డాక్టరు అరుగు మీద కూర్చుని ఆమె కాలు తన ఒళ్ళో పెట్టుకుని పుండు కడిగాడు. అవ్వ అదే పనిగా ఏదో అంటూ ఉంది. సిస్టర్ తెలుగులో చెప్పింది. తన ఇంటికి మనుషులు వచ్చి ఎన్నేళ్ళయిందో మర్చిపోయిందట. తినకుండా వెళ్ళనివ్వదట.

డాక్టరు వద్దనబోయాడు. అంతలో వాన కుమ్మరించింది. కదిలే వీల్లేకపోయింది.

పొయ్యి మీద రోజంతటికీ సరిపడా సామ అన్నం అప్పటికే ఉడికి ఉంది. పక్కన మట్టి కుండలో పుట్టగొడుగుల కూర. పొద్దున్నే తోటలో తడుముకుంటూ ఏరుకొచ్చిందట. చింతపండూ, ఎండుమిరపకాయలూ వేసి వండిన ఆ వాసనకి, పొద్దున్న ఇడ్లీ తప్ప ఏమీ తినని మాకు నోరూరింది. మాష్టారైతే కాళ్ళు కడుక్కుని ముందే చాప మీద చతికిలబడ్డాడు. అవ్వ అడ్డాకులు పరిచింది. అయిదు పరిచింది. తనకీ ఒకటి కాబోలనుకున్నాను. అన్నం పెట్టింది. ఆ తర్వాత కుండ ఎత్తుకుని, తన ఊరి పిల్ల కదా, సిస్టర్ ఆకులో ముందుగా కూర వేసింది.

సిస్టర్ అరచెయ్యి ఆకు మీదకి వచ్చింది.

నేను పక్కనే ఉన్నాను. ఆమె ఆ పని కావాలని చేసినట్టు లేదు. నిద్రలో చెయ్యి లేచినట్టు లేచింది. నాలుగు మాటలు అంది. క్వార్టర్‌లో విన్న మాటలే. కుండ పట్టుకున్న అవ్వ కదలకుండా నిలబడిపోయింది. ఆమె తెల్ల కళ్ళు సిస్టర్ మీద లేవు. సిస్టర్ వెనక, గుమ్మం వైపు ఉన్నాయి.

ఎంతసేపో చెప్పలేను. బయట వాన పడుతూనే ఉంది.

సిస్టర్ లేచింది. మామూలు గొంతుతో, కువిలో, అవ్వతో ఏదో అంటూ కుండ అందుకుంది. నువ్వు కూర్చో, నేను వడ్డిస్తాను అన్నట్టుంది ఆ తీరు. మా వైపు తిరిగింది. ఒక్క అడుగు వేసింది. కుండ ఆమె చేతుల్లోంచి జారి నేల మీద బద్దలైంది. ఇంకా పొగలు కక్కుతున్న కూర ఆమె కుడి పాదం మీదా, పొయ్యి పక్క బూడిదలోనూ పడింది.

"అయ్యయ్యో, కూరంతా పోయిందే," అన్నాడు మాష్టారు. తర్వాత ఆమె పాదం చూసి సిగ్గుపడ్డాడు.

డాక్టరు బ్యాగు తెరిచి, "నీళ్ళు పొయ్యండి, ముందు నీళ్ళు పొయ్యండి," అంటున్నాడు. సిస్టర్ వినలేదు. చెంబెడు నీళ్ళు పాదం మీద గుమ్మరించుకుని, చీపురు తీసుకుని కూరా, బూడిదా, కుండ పెంకులూ అన్నీ కలిపి ఎత్తింది. తన ఆకులోది కూడా అందులో వేసింది. వానలోనే బయటికి వెళ్ళి, గునపంతో గొయ్యి తీసి, పూడ్చి, పైన రాయి పెట్టింది. అరుగు కింద ఉన్న కోడి దగ్గరికి వస్తే దాన్ని రాయి విసిరి తరిమింది. పాదం అప్పటికే బొబ్బలెక్కి ఉంది. ఆమె ఏడవలేదు. పెదవి కొరుక్కుని తవ్వుతూనే ఉంది.

డాక్టరు ఆమెనే చూస్తున్నాడు. ఆమె లోపలికి వచ్చి కూర్చున్నాక పాదానికి మందు రాసి కట్టు కట్టాడు. చేతులు కడుక్కోవడానికి చూరు నీళ్ళ కోసం ఇంటి వెనక్కి వెళ్ళాడు. కాసేపటికి అక్కణ్ణుంచి నన్ను పిలిచాడు.

"మేడమ్, ఒకసారి ఇలా రండి."

వెనక గోడకి ఒక వెదురు బుట్ట తగిలించి ఉంది. అవ్వ పొద్దున్న ఏరుకొచ్చిన బుట్ట. అందులో అయిదారు పుట్టగొడుగులు మిగిలి ఉన్నాయి. డాక్టరు రెండింటిని ఆకుతో పట్టుకుని బయటికి తీశాడు. తెల్లగా, అందంగా ఉన్నాయి.

"కాడ అడుగున ఈ సంచిలాంటిది చూశారా? మిగతా వాటికి లేదు. వీటి గురించి చదవడమే కానీ చూడలేదు నేను. ఇవి ఒకటి రెండు కూరలో పడితే చాలు. తిన్న రోజు ఏమీ తెలీదు. మర్నాడు వాంతులు పట్టుకుంటాయి. తర్వాత తగ్గిపోయినట్టే ఉంటుంది, మనిషి లేచి తిరుగుతాడు. ఆ తర్వాత లివరు పోతుంది. అప్పుడు నా దగ్గర ఏ మందూ ఉండదు." వాటిని మళ్ళీ బుట్టలో వేశాడు. "సిస్టర్ ఈ బుట్ట చూసిందా?"

"లేదు. ముందు నుంచి వచ్చాం. నా చెయ్యి పట్టుకునే ఉంది."

"ఇటు రాలేదా, ఒక్కసారైనా?"

"రాలేదు."

"వాసన తేడాగా ఉండి ఉంటుంది," అన్నాడు. నేను అవునన్నాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అవ్వకి చెప్పాలని డాక్టరు లోపలికి వచ్చాడు. సిస్టర్ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఎప్పుడూ అలా ముట్టుకునే మనిషి కాదు. "ఆ మాట అనొద్దు సార్. ఈ ఊళ్ళో ఆ మాట అనొద్దు. మీకు దండం పెడతాను," అంది తెలుగులో. తర్వాత అవ్వ పక్కన కూర్చుని కువిలో మెల్లగా మాట్లాడింది. బుట్టలోవి తనే తీసుకెళ్ళి పారబోసింది. మేం సామ అన్నంలో ఉప్పూ, ఎండుమిరపకాయా నంజుకుని తిన్నాం. అవ్వ మా ఎదురుగా కూర్చుంది.

వాన తెరిపిచ్చాక బయల్దేరాం. గుమ్మం దగ్గర అవ్వ సిస్టర్ ముఖాన్ని రెండు చేతులతో తడిమి ఒక మాట అంది. వాగు దాటేదాకా సిస్టర్ కళ్ళు తుడుచుకుంటూనే ఉంది.

పిల్లలిద్దరినీ తీసుకుని మాష్టారు ముందు నడిచాడు. డాక్టరు జీపు చూడ్డానికి వెళ్ళాడు. సిస్టర్ కాలు కుంటుతోంది కాబట్టి మేమిద్దరం వెనకబడ్డాం. అప్పుడు చెప్పింది.

వాళ్ళ అమ్మమ్మని చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ విందులకి పిలిచేవారట. పెళ్ళయినా, చావయినా, ఆమె వచ్చి కుండల మీద చెయ్యి చాపి ఆ మాటలు అన్నాకే జనం తినేవారు. ఒకసారి పెళ్ళిలో ఒక కుండ దగ్గర ఆగింది. "ఉంది" అంది. వేలుపెట్టి చూపించింది. కుండ పారబోశారు. దాన్ని నాకిన దూడ రెండు రోజుల్లో చచ్చిపోయింది. ఆ కుండ వండినావిడని ఊరు వెళ్ళగొట్టింది. విషం పెట్టింది అన్నారు, చేతబడి, చిల్లంగి అన్నారు. వాగు అవతల పాక వేసుకోమన్నారు. అప్పటికి ఆమెకి ముప్ఫై ఏళ్ళు ఉంటాయేమో. అప్పటి నుంచీ ఆమె చేతి నీళ్ళు కూడా ఎవరూ తాగలేదు.

"ఆవిడేనా?" అన్నాను.

"ఆవిడే."

"నిజంగా విషం పెట్టిందా?"

"అమ్మమ్మకి కుండలో ఉందనే తెలిసింది అక్కా. ఎలా వచ్చిందో తెలీదు కదా. అది కూడా పుట్టగొడుగుల కూరే అట. ఎవరూ ఆవిడని ఏమీ అడగలేదు. అమ్మమ్మ కూడా అడగలేదు." కాసేపు ఆగింది. "తర్వాత అమ్మమ్మ ఎక్కడికీ వెళ్ళలేదు. ఎవరు పిలిచినా మర్చిపోయానంది. నాకు మాటలు నేర్పింది కానీ, తెలిస్తే తినకు, తెలిసిందని ఎవరికీ చెప్పకు అని ఒట్టు వేయించుకుంది. నేను తినకుండా ఊరుకుంటే మీరు తింటారు. మీ తర్వాత ఆవిడ ఒక్కతే కూర్చుని తింటుంది. చెబితే ఆవిడని బతకనివ్వరు. ఏం చెయ్యాలో తెలీలేదు అక్కా. కుండ వదిలేశాను."

"వచ్చేటప్పుడు ఏమంది నీతో?"

"మీ అమ్మమ్మ అయితే నోటితో చెప్పేది, అంది."

ఆ తర్వాతి ఆదివారం డాక్టరు మళ్ళీ ఆటకి పిలిచాడు. ఆ రోజు గురించి ఎవరూ మాట్లాడలేదు. కథలో మేం ఒక పడవవాడి ఇంట్లో దిగాం. అతను చేపలు వండి పెట్టాడు. డాక్టరు చెప్పడం ఆపి ఎదురు చూశాడు. సిస్టర్ చేతులు ఒళ్ళోనే పెట్టుకుంది. పాచిక ఎవరూ తీసుకోలేదు. చివరికి మాష్టారు, "ఆకలి లేదని సెప్పీ డాక్టరుగారూ. బేగి బయల్దేరిపోదాం," అన్నాడు. పడవవాడికి దండం పెట్టి వెళ్ళిపోయాం. ఇంకో రెండు వారాలు ఆడామేమో. తర్వాత డాక్టరు పీజీ పరీక్షకి చదువుకోవాలన్నాడు. ఆట ఆగిపోయింది. ఆగినందుకు ఎవరం బాధపడినట్టు గుర్తులేదు.

అవ్వ కళ్ళ ఆపరేషన్ సంగతి డాక్టరే చూశాడు. అక్టోబరులో వ్యాను మాట్లాడి, సిస్టరూ నేనూ ఆమెను విశాఖపట్నం తీసుకెళ్ళాం. కొండ దిగడం ఆవిడకి అదే మొదటిసారి. మలుపుల్లో కడుపులో తిప్పుతుందని సిస్టర్ భుజం మీద తల ఆనించి కూర్చుంది. ఘాట్ రోడ్డులో టైడా దాటాక వేడిగాలి తగిలి తల ఎత్తింది. సిస్టర్‌ని ఏదో అడిగింది. సిస్టర్ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అవ్వ మళ్ళీ అడిగింది.

"ఏమంటోంది?" అన్నాను.

"ఆ రోజు మీ అమ్మమ్మ గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేదేం అంటోంది. ఆకు వేశాను, పిలిచాను, నా మీద ఇంకా కోపమేనా అంటోంది."

నాకు చాప మీది అయిదు ఆకులు కళ్ళముందుకొచ్చాయి. చివరి దాంట్లో అన్నం అలాగే ఉండిపోయింది. మేం లేచేటప్పుడు అవ్వ దాన్ని మడిచి పక్కన పెట్టింది.

"కళ్ళలో పొరలుంటే ఒకటి రెండుగా కనిపిస్తుందంటారు," అన్నాను.

"అవునక్కా. నేను కూడా పేషెంట్లకి అదే చెబుతాను," అంది సిస్టర్. అవ్వ వైపు తిరిగి కువిలో రెండు ముక్కలు అంది. అవ్వ తృప్తిగా తల ఊపి మళ్ళీ ఆనుకుంది. ఏం చెప్పావని నేను అడగలేదు. సిస్టర్ తనే చెప్పింది. "కోపం లేదట, సిగ్గుట, అని చెప్పాను."

ముందు ఒక కంటికి, నెల తర్వాత రెండో కంటికి ఆపరేషన్ చేశారు. బాగా అయ్యాయి, అవ్వకి చూపు వచ్చింది.

తర్వాత సిస్టర్ వాళ్ళ ఊళ్ళో కొత్తల పండగ వచ్చింది. కొత్త పంట దేవుడికి పెట్టి, ఆ తర్వాతే ఇళ్ళల్లో వండుకునే పండగ. సిస్టర్ నన్ను రమ్మంది. మా వాళ్ళింట్లో కాదక్కా, అవ్వ ఇంట్లో భోజనం అంది. నాకు భయం వేసింది. ఆ మాట ఆమెతో అనలేదు. పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఆమె నన్ను తీసుకుని వాగు దాటింది. వాళ్ళమ్మ వద్దని ఏడుస్తూ గట్టు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. అవ్వ కొత్త చీర కట్టుకుని ఉంది. లోపల కాదు, అరుగు మీదే ఆకులు వేయమంది సిస్టర్, ఊరికి కనిపించేటట్టు. చిక్కుడు గింజల కూర, కొత్త బియ్యం. సిస్టర్ మొదటి ముద్ద పెద్దది చేసి తింది. మారు అడిగింది. నేనూ తిన్నాను. మొదటి రెండు ముద్దలు రుచి తెలీలేదు. తర్వాత కూర బాగుందని తెలిసింది.

వాగు అవతల జనం నిలబడి చూస్తున్నారు. మేం చేతులు కడుక్కునేటప్పటికి చాలామంది వెళ్ళిపోయారు. ఈ రోజుకీ ఆ ఊళ్ళో సగం ఇళ్ళవాళ్ళు వాగు దాటరు. ఆ రోజు మాత్రం ఒకావిడ దాటింది. నలభై ఏళ్ళుంటాయి, వాగుకి అటు ఒడ్డున మొదటి ఇంటి కోడలట. చేతిలో ఖాళీ గిన్నె ఉంది. అరుగుకి నాలుగడుగుల దూరంలో నిలబడి, కాస్త కూర పెడతావా అని అడిగింది.

అవ్వ లేచి దగ్గరికి వెళ్ళింది. గిన్నె తీసుకోలేదు. ఆ మనిషి ముఖంలోకి చాలాసేపు చూసి ఏదో అంది. ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సిస్టర్ నా చెవిలో చెప్పింది.

"నీ గొంతు రోజూ వింటాను, ఆవుని కేకేస్తావు. నిన్ను చూడ్డం ఇదే మొదటిసారి అంటోంది."